వంత

తెలుగు జానపద కథాగానంలో ప్రధాన కథకుని పక్కన నిలిచి, ఆయన పాడిన చరణాన్ని అందుకొని కథను ముందుకు నడిపించే సహగాయకులను వంతలు అంటారు. నిత్యవ్యవహారంలో ఈ మాటకు గౌరవం తగ్గిపోయింది. ఒకరికి మరొకరు వంత పాడుతున్నారంటే సొంత ఆలోచన లేకుండా తల ఊపుతున్నారన్న ఎత్తిపొడుపే తప్ప మెచ్చుకోలు ఉండదు. వేదిక మీది వంత చేసే పని మాత్రం అంత సులువైనది కాదు. బుర్రకథలో నడుమ తంబురతో నిలిచిన కథకునికి ఇరువైపులా గుమ్మెటలతో ఉండే ఇద్దరిలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. ప్రేక్షకుని మనసులో మెదిలిన సందేహాన్ని ఒకరు పైకి అడిగేస్తే, పాతకాలపు కథను నేటి ఊరి సంగతితో మరొకరు ముడిపెడతారు, ఇద్దరూ సరైన చోట అందుకోకపోతే ఎంతటి కథకుడైనా ఊపిరి తీసుకొనే సందు లేక తడబడతాడు. కవులు తాము రాసినదాన్ని తోటి కవుల ముందు పెట్టి, వారు ఏమంటారోనని ఎదురుచూసే వ్యవహారమంతా వంత అన్న మాటకున్న ఈ రెండు అర్థాల నడుమనే జరుగుతున్నది.

ఆ వ్యవహారం నేడు చాలా వరకు ఫోన్ తెర మీదికి చేరింది గనుక దాన్ని కొత్త కాలపు వింతగా చూడటం మామూలైంది. నిజానికి అది ఎంత పాతదో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో నిలబడి చూస్తే బాగా తెలుస్తుంది. 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుంచి విడివడి జిల్లా కేంద్రమైన కామారెడ్డి, అదే జిల్లాలో నిజాంసాగర్ జలాశయానికి దగ్గరగా రెవెన్యూ డివిజన్ కేంద్రంగా ఉన్న ఎల్లారెడ్డి, ఈ రెండు ఊళ్ళ పేర్లూ దోమకొండ సంస్థానాన్ని ఏలిన కామినేని వంశంలోని వారి పేర్లేనని స్థానికంగా చెప్పుకుంటారు. సంస్థానం అంటే పెద్ద ప్రభువుకు కప్పం చెల్లిస్తూ తన పరిధిలో పాలన సాగించిన చిన్న రాజ్యం. ఆ కామినేని వంశంలోనే పదహారవ శతాబ్దిలో మల్లారెడ్డి అనే కవి ‘షట్చక్రవర్తి చరిత్ర’ అన్న ప్రబంధాన్ని రాశాడు. పాలకవంశానికి చెందినవాడే పద్యం రాసే చోట, కొలువులో పద్యం చదవడమంటే సంభావన అందుకోవడమే కాదు, ఛందస్సు తెలిసిన వాని ఎదుట పరీక్షకు నిలబడటం కూడా. దోమకొండ కోట జీర్ణోద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది. రాళ్ళను తిరిగి నిలబెట్టినట్టు ఆ గోడల నడుమ పద్యం విని ‘ఈ యతి కుదరలేదు’ అన్న గొంతును తిరిగి నిలబెట్టే వీలు ఎవరికీ లేదు.

వినేవాడికి ఉండవలసిన శక్తిని గురించి భారతీయ అలంకారశాస్త్రం, అంటే కావ్యం ఎందువల్ల కావ్యమవుతుందో విచారించే శాస్త్రం, చాలా సూక్ష్మంగా ఆలోచించింది. పదవ శతాబ్ది ప్రారంభకాలానికి చెందిన రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో ప్రతిభను రెండుగా విడదీశాడు: కావ్యాన్ని పుట్టించేది కారయిత్రి, కావ్యాన్ని గ్రహించి దాని శ్రమను, అభిప్రాయాన్ని వెలికి తెచ్చేది భావయిత్రి. రెండవదానిని మొదటిదానికి తోకగా కాక దానంతట అది ఒక ప్రతిభగా లెక్కించడంలోనే ఆయన గొప్పతనం ఉన్నది. ఆ రెండవ ప్రతిభ గలవాడు భావకుడు. భావకులలో ఆయన చెప్పిన నాలుగు రకాలను చదివిన వారికి, నేటి సాహిత్య వాట్సాప్ సమూహంలో ఒక ఉదయం గడిపినట్టే అనిపిస్తుంది.

ఆ నలుగురిలో అరోచకికి ఏదీ రుచించదు. అన్నం ముందు కూర్చొని ముఖం తిప్పుకొనే రోగి వంటివాడు. రెండవవాడైన సతృణాభ్యవహారి గడ్డితో సహా అన్నీ మేసేవాడు, అతనికి పద్యమూ గడ్డిపరకా ఒకటే. మూడవవాడు మత్సరి, గుణాన్ని గుర్తించగలిగీ అసూయ చేత నోరు విప్పని వాడు. నాలుగవవాడు తత్త్వాభినివేశి, మాటల కూర్పును వివేచించి, రసాన్ని ఆస్వాదించి, తాత్పర్యం లోపలి ముద్రను పట్టుకొనేవాడు, వేయి మందిలో ఒకడు దొరికితే గొప్ప అని రాజశేఖరుడే అంటాడు. ఇందులో సతృణాభ్యవహారి గురించి కొంత ఆగి ఆలోచించవలసి ఉన్నది, ఎందుకంటే నేటి కాలం అతనిది. పొద్దున్నే ఒక కవిత సమూహంలో పడగానే అది చదవడానికి పట్టే సమయం కన్నా ముందే చప్పట్ల బొమ్మలు, పూలగుత్తులు, ‘అద్భుతం కవివర్యా’ అన్న ముక్తసరి మాటలు వరుసకడతాయి. అందులో దురుద్దేశం ఏమీ ఉండదు, పెళ్ళిలో చదివింపుల పట్టీ వంటి లెక్క ఒకటి అందులో నడుస్తుంది, నేడు ఇచ్చిన మెచ్చుకోలు రేపు తిరిగి రావాలి గనుక. అరోచకి చేసే చెరుపు కన్నా ఈ మర్యాద చేసే చెరుపే ఎక్కువ. నచ్చలేదన్న మాట కవిని కనీసం తిరిగి తన పంక్తుల దగ్గరికి పంపుతుంది, అన్నీ అద్భుతమే అయిన చోట కవికి తిరిగి చూసుకొనే అవసరమే కలగదు.

మత్సరి మౌనం వేరు. సందేశం చదివినట్టు తెలిపే నీలిరంగు గీతలు కనిపిస్తాయి, మాట మాత్రం రాదు. ఆ నీలిగీతల మౌనం ఎంత బరువైనదో చిన్న ఊళ్ళో రాసుకొనే వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు, ఎందుకంటే అక్కడ చదివేవారు నలుగురే, ఆ నలుగురూ సాయంత్రం అదే హోటల్ దగ్గర చాయ్ తాగుతూ ఎదురుపడతారు.

తెలుగువారి అవధానవిద్యలో స్పందన ఇంకా లోతైన చోటికి వెళ్ళింది. అవధానం అంటే అనేకమంది ప్రశ్నలను ఒకేసారి మనసులో నిలుపుకొంటూ ఆశువుగా పద్యాలు చెప్పే ప్రదర్శన; ప్రశ్నలు అడిగేవారు పృచ్ఛకులు. వారిచ్చే అంశాలలో నిషిద్ధాక్షరి ఒకటి. అవధాని ఒక అక్షరం చెప్పగానే తరువాత ఏ అక్షరం రాబోతున్నదో పృచ్ఛకుడు ఊహించి దానిని నిషేధిస్తాడు, అవధాని ఆ అక్షరాన్ని విడిచి మరో దారిలో పదాన్ని కట్టుకోవాలి. ఇది చూడటానికి కవికి అడ్డుపడటమే గాని, ఆలోచిస్తే ఇంతకు మించిన పఠనం లేదు. కవి మనసు ఏ మలుపు తిరగబోతున్నదో అతనితో సమానంగా తెలిసిన వాడు మాత్రమే సరైన అక్షరాన్ని నిషేధించగలడు, తెలియనివాడు ఊరికే ఏదో ఒక అక్షరం కాదంటే అవధాని నవ్వుకొని ముందుకు సాగిపోతాడు. అర్థం లేనట్టు, అసంబద్ధంగా తోచే ఒక పాదాన్ని ఇచ్చి మిగిలిన పాదాలతో దానికి అర్థం కలిగించమనే సమస్యాపూరణం కూడా ఇటువంటిదే. ఇప్పటికీ ఛందోబద్ధ పద్యం రాసేవారి సమూహాలలో రోజుకొక సమస్య ఇచ్చుకోవడం, వచ్చిన పూరణలలోని గణదోషాన్నీ యతిభంగాన్నీ పెద్దవారు అక్కడికక్కడే చూపడం జరుగుతున్నది. వచనకవుల సమూహాలతో పోలిస్తే అక్కడ పూలగుత్తులు తక్కువ, సవరణలు ఎక్కువ. పద్యానికి కొలబద్ద ఉన్నది గనుక తప్పు చూపడం అక్కడ అవమానం కాదు. వచనకవితకు అటువంటి కొలబద్ద లేకపోవడంతో ప్రతి సూచనా వ్యక్తి మీద మాటగా వినిపిస్తుంది, ఆ ఇబ్బందిని తప్పించుకోవడానికే అందరూ అద్భుతం అంటారేమో.

సంస్థానాలు పోయిన తరువాత ఈ ప్రాంతపు కవికి సభ లేకుండా పోయింది. పత్రిక అచ్చయ్యేది హైదరాబాదులోనో విజయవాడలోనో, సాహిత్యసభ జరిగేది నిజామాబాదులోనో. కామారెడ్డికి రైలూ, జాతీయ రహదారీ ఉన్నాయి గనుక అక్కడి వారు కొంత నయం, ఎల్లారెడ్డి వైపు పల్లెల వారికి సభ ముగిశాక తిరుగుబస్సు దొరకడమే ఒక సమస్య. సంస్థానాలు ఇంకా ఉన్న కాలంలోనే తెలంగాణ కవికి వినేవాడు లేని స్థితి ఎంతవరకు వెళ్ళిందంటే, నిజాం రాష్ట్రంలో కవులు పూజ్యం అని, అంటే సున్న అని, ముడుంబ రాఘవాచార్యులు రాయగలిగారు. దానికి సురవరం ప్రతాపరెడ్డి తాము నడుపుతున్న గోలకొండ పత్రిక ద్వారా ఇచ్చిన జవాబు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ రూపంలో వెలువడింది. అందులో 354 మంది కవుల రచనలు, వివరాలు ఉన్నాయి. ఆ సంచికను కోపంతో చేసిన జనాభా లెక్క అనుకోవడం కద్దు, కాని దాని ప్రయోజనం లెక్కతో ఆగలేదు. ఊరికొకరుగా, ఒకరి పద్యం ఒకరికి తెలియకుండా రాసుకుంటున్నవారు తమ పక్క తాలూకాలో ఎవరు రాస్తున్నారో, ఏ ఛందస్సులో రాస్తున్నారో అందులో మొదటిసారి చూసుకున్నారు. ఒక్కొక్కరిని గురించిన ఆ చిన్న పరిచయాలను నేడు సమూహంలో కొత్తగా చేరినవారు రాసుకొనే రెండు ముక్కల పరిచయానికి తాతలని చెప్పవచ్చు.

తెలుగు అక్షరం కంప్యూటర్ మీదికి చేరిన తొలిరోజులలో ఈ సభ విదేశాలలో మొదలైంది. అమెరికాలోని తెలుగువారు రోమన్ లిపిలో తెలుగు మాటలను రాసుకుంటూ పద్యాల మీద వాదులాడుకున్నారు. 1998లో ‘ఈమాట’ అంతర్జాల పత్రిక వచ్చింది. ఇంగ్లీషు మీటలతో తెలుగు రాయడానికి తోడ్పడే లేఖిని వంటి పనిముట్లు ఆ తరువాత వచ్చి, తెలుగు కీబోర్డు నేర్వని వారికి కూడా దారి తెరిచాయి. 2012లో కవి యాకూబ్ ఫేస్‌బుక్‌లో ప్రారంభించిన ‘కవిసంగమం’ ఈ చరిత్రలో పెద్ద మలుపు. సంపాదకుని బల్ల మీద నెలల తరబడి నిరీక్షించనక్కరలేకుండా ఉదయం రాసిన కవితను మధ్యాహ్నానికి వందలమంది చదివే స్థితి దానితో ఏర్పడింది. అంతటితో ఆగక, తెర మీద కలిసినవారిని హైదరాబాదు వేదికల మీద ముఖాముఖి కలిపి, మూడు తరాల కవుల చేత ఒకే సాయంత్రం చదివించే పద్ధతి కూడా దానికి తోడైంది. తెరను సభకు ప్రత్యామ్నాయంగా కాక సభకు వాకిలిగా వాడటం అందులోని తెలివి. ఆ తరువాత చేతిఫోన్లు అందరికీ అందుబాటులోకి రావడంతో జిల్లాకొకటి, మండలానికొకటి, బడిపంతుళ్ళకొకటి, పద్యానికొకటి, నానీలకొకటిగా సమూహాలు వెలిశాయి. నానీ అంటే ఎన్. గోపి రూపొందించిన, ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాలలో నాలుగు పాదాలుగా ముగిసే చిన్న కవిత. వేలితో జరపకుండానే తెర మీద మొత్తం కనిపించే పరిమాణం కావడం, ఫోన్ల కాలానికి ముందే పుట్టిన ఆ రూపానికి అనుకోకుండా కలిసొచ్చింది.

ఈ కొత్త సభ తెలంగాణ పల్లెకవికి చేసిన మేలు భాష విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. కామారెడ్డి ప్రాంతంలో దారిని తొవ్వ అంటారు, కూలిపనిని కైకిలి అంటారు, రబీ పంటకాలాన్ని యాసంగి అంటారు. ఈ మాటలతో రాసిన కవిత ఒకప్పుడు పత్రికకు పోతే, సంపాదకుని కలం కింద తొవ్వ బాటగా, కైకిలి కూలిగా మారి అచ్చయ్యేది, కవికి ఆ సంగతి పత్రిక చేతికి వచ్చాకే తెలిసేది. సమూహంలో అలా దిద్దేవారెవరూ లేరు. రాజమండ్రిలోని ఒకరో డల్లాస్‌లోని ఒకరో కైకిలి అంటే ఏమిటండీ అని అడుగుతారు, కవి చెబుతాడు, పక్కన కరీంనగర్ వారెవరో తమ వైపు కూడా అదే మాట అంటారు, అంతలో ఆ మాట నిఘంటువు దాటి ఒక పెద్ద వలయంలోకి ప్రవేశిస్తుంది. అర్థం కాలేదు అన్న స్పందన అద్భుతం అన్న స్పందన కన్నా కవికి ఎన్నో రెట్లు మేలు చేస్తుందనడానికి ఇది సాక్ష్యం.

పనిపాటల మీద రాసిన కవితలకు వచ్చే స్పందనలలో ఈ తేడా మరింత కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఈ ప్రాంతంలో లెక్కలేనంతమంది స్త్రీలు బీడీలు చేస్తారు, లెక్కలేనంతమంది పురుషులు గల్ఫ్ దేశాలకు పోయి ఉన్నారు. అందుచేత బీడీల చాట, దుబాయి ఫోన్ ఇక్కడి కవిత్వంలో పదేపదే వచ్చే వస్తువులు. బీడీల చాట మీద ఒక ఉపాధ్యాయుడు రాసిన కవిత చక్కని పోలికలతో నిండి ఉండవచ్చు. కాని ఎండుటాకును నేరుగా కత్తిరించినట్టు అందులో ఉంటే, తునికాకు ముందు తడవాలి, మెత్తబడితేనే కత్తెరకు లొంగుతుంది, అప్పుడే జరద (పొగాకు) పోసి చుట్టి దారం కట్టడం అని ఒక మాట చెప్పేవారు బీడీలు చేసే ఇంటివారే అయి ఉంటారు. ఆ మాటలో అలంకారశాస్త్రం లేదు, సాహిత్య పరిభాష లేదు, రాజశేఖరుని నాలుగు గదులలో దేనిలోనూ అది పూర్తిగా ఇమడదు. అయినా కవితను పునాదితో సహా తిరిగి కట్టించగల శక్తి దానికి ఉన్నది. గల్ఫ్ మీద ఇంటిదగ్గర కూర్చొని రాసిన కవితకు, అక్కడి లేబర్ క్యాంపులోని మంచం మీద నుంచి వచ్చే చిన్న గొంతు సందేశం కూడా ఇటువంటిదే. అచ్చుపత్రికల కాలంలో ఈ పాఠకుడు కవికి దొరికే వీలు ఉండేది కాదు. కొత్త సభను ఎంత విమర్శించినా ఈ ఒక్క లాభాన్ని మాత్రం తీసివేయలేరు.

నష్టం లేదని కాదు. రాజశేఖరుడు కవికి చేసిన హితవులలో ఒకటి నేటికీ నవ్వు తెప్పించేంత సరిగ్గా సరిపోతుంది: కొత్తగా రాసినదాన్ని ఒంటరిగా ఉన్న ఒక్కని ముందు చదవవద్దు, వాడు అది తనదే అంటే ఏ సాక్షిని తెచ్చి గెలుస్తావు అని ఆయన హెచ్చరిస్తాడు. నేటి సమూహంలో సాక్షులు వందలమంది ఉన్నా, కవిత పైన ఉన్న పేరును తుడిచి కింద తన పేరు పెట్టుకొని పక్క సమూహంలోకి పంపడానికి రెండు క్షణాలు చాలు. కావ్యచౌర్యానికి, అంటే ఇతరుల మాటనో భావాన్నో తనదిగా చెలామణి చేసుకోవడానికి, ఆయన గ్రంథంలో అధ్యాయాలే కేటాయించాడు. మాటను ఎత్తుకోవడానికీ భావాన్ని అందుకొని కొత్తగా చెప్పడానికీ నడుమ ఉన్న మెట్లను ఆయన లెక్కించిన తీరు చూస్తే, ఆ కాలపు గోష్ఠులలో కూడా ఈ తగాదాలు తక్కువేమీ కాదని ఊహించవచ్చు. చౌర్యం కన్నా చప్పుడు లేకుండా జరిగే మరో నష్టం ప్రశంసాపత్రాలది. పొద్దున అంశం ఇచ్చి, రాత్రికి రాసినవారందరికీ రంగుల అంచుతో, ఫోటోతో, ఏదో ఒక బిరుదుతో పత్రం పంపే ఆచారం వల్ల, కవిత రాయడం హాజరు పట్టీలో సంతకం పెట్టడం వంటిదైపోతుంది. బిరుదులకు తెలుగుదేశంలో ఎన్నడూ కరవు లేదు గాని, వాటిని పొందడానికి కనీసం ఒక సభ ముందు నిలబడవలసి వచ్చేది.

రాజశేఖరుడు కవి దినచర్యను యామాలుగా, అంటే మూడేసి గంటల భాగాలుగా, విభజించాడు. పగటి మొదటి యామం చదువుకు, రెండవది రచనకు, భోజనం తరువాతి మూడవది గోష్ఠికి. నాలుగవ యామంలో ఉదయం రాసినదాన్ని ఒంటరిగానో, పరిమితమైన కొద్దిమందితోనో కూర్చొని పరీక్షించుకోవాలి, ఎందుకంటే రాస్తున్నప్పటి ఆవేశంలో తప్పు కనబడదు. గోష్ఠికీ పరీక్షకూ వేరువేరు వేళలు, వేరువేరు మనుషుల సంఖ్య పెట్టడం ఇందులో గమనించదగినది. నేటి సమూహాలలో మూడవ యామం ఇరవైనాలుగు గంటలూ నడుస్తుంది, నాలుగవది దాదాపు కనబడదు. ఉన్నచోట అది సమూహంలో కాక, దానిని విడిచి ఇద్దరు ముగ్గురు విడిగా మాట్లాడుకొనే చోట ఉంటుంది. నలుగురిలో ‘బాగుంది’ అని రాసిన మిత్రుడే రాత్రి ఫోన్ చేసి, ఆ చివరి రెండు పంక్తులు తీసేస్తే ఎట్లుంటదే అని అడుగుతాడు. ఆ ఫోన్ రాని కవి ఎన్ని వందల చప్పట్లు పొందినా వంత లేని కథకుడే.

కామారెడ్డి ఏ జిల్లా నుంచి విడివడిందో ఆ నిజామాబాదులోని కోటలో, నిజాం పాలన చివరి రోజులలో, కవి దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి కలిసి జైలు జీవితం గడిపారు. ఖైదీలకు కాగితం లేదు, కలం లేదు. పళ్ళు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో దాశరథి నిజాంను నిందిస్తూ గోడ మీద పద్యం రాశాడు. జైలువారు దానిని తుడిపించారు. దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, ఊరూరా పుస్తకాలు మోసుకుపోయి అమ్మి, చదివేవాడు ఎంత అరుదో కాళ్ళ నొప్పులతో తెలుసుకున్న ఆళ్వారుస్వామి, ఆ పద్యం బాగుందనో బాగులేదనో అనడంతో ఆగలేదు. తుడిచిన పద్యాన్ని మరోచోట మళ్ళీ రాశాడని సాహిత్యలోకం చెప్పుకుంటుంది. 1949లో దాశరథి తొలి సంపుటి ‘అగ్నిధార’ వెలువడినప్పుడు, దాని అంకితం పుటలో ఉన్న పేరు ఆళ్వారుస్వామిది.